చర్చి గోడ మీది ఈమెయిలు

యాభై దాటేదాకా నేనేమీ రాయలేదు. సంగతులు లేక కాదు, అక్షరాలు రాక. బడికి పోవాల్సిన వయసులో మా నాయన గొర్రెల వెంట పోయాను. పెళ్లయ్యాక వేరుశనగ చేను, పిల్లలు, మళ్లీ వేరుశనగ చేను. పిల్లలు పెద్దవాళ్లయి నాకు చెప్పుకోవడానికి సాకులు మిగలకపోయేసరికి, చర్చి వెనక గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే చదువుకు పోయి కూర్చున్నాను. తెలుగు వచ్చింది. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. వాటి వెనకే పొగరు కూడా వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరు సంగతే. మా సంఘంలో దీన్ని చెప్పుకునేవాళ్లు చెప్పిన ప్రతిసారీ ఓ ముక్క కలుపుతున్నారు. నా పరువు నిజంగా ఎంత పోయిందో అంతే లోకానికి తెలియాలని నేనే రాస్తున్నాను.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాలనుకున్నాను. ఆ సర్టిఫికెట్‌తో నాకెవరూ ఉద్యోగం ఇవ్వరు. పది పాసయ్యానని చెప్పుకోవాలి, అంతే. కానీ పాసయ్యాకే చెప్పుకోవాలి. అంతకుముందు సైకిలు నేర్చుకుంటానని ఊరందరికీ చాటి, మూడో రోజుకు కంపచెట్ల మీద పడ్డాను. ఇప్పటికీ ఆ మలుపు దగ్గరికి వస్తే ఆటో నడిపేవాడు వేగం తగ్గించి, అద్దంలో నన్ను చూసి నవ్వుతాడు. అందుకే ఈసారి ఇంట్లో ఆయనకు కూడా చెప్పలేదు. దర్జీ పని ఉందని చెప్పి, శుక్రవారం డోన్‌లో ఆన్‌లైన్ సెంటరుకు పోయాను. దరఖాస్తు గడువు సోమవారం దాకా ఉంది.

సెంటరు నడిపేది ఓ ముస్లిం అమ్మాయి. నా పేరు, ఊరు కొట్టి అడిగింది.

"ఈమెయిలు ఉండాదా పెద్దమ్మా?"

"ఎందుకు లేదు? ఉండాది."

"మీదేనా?"

"మాదే. చూడకుండా చెప్తా. జరుగు పాపా, నేనే కొడతా."

ఆ ఈమెయిలు మా చర్చి గోడ మీద, బైబిలు వాక్యం కింద, ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్న కొత్తలో నేను రోజూ నిలబడి చదివింది దాన్నే. వరసగా అంతా నోటికి వచ్చు. మా ఊళ్లో ఎవరికి ఉత్తరం వచ్చినా చర్చి అడ్రసుకే వచ్చేది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు పేరు పెట్టి పిలిచి కవరు చేతిలో పెట్టేవారు. మా చిన్నాయనకు కోర్టు నోటీసు కూడా అలాగే అందింది. ఇదీ అంతే అనుకున్నాను.

ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. పెట్టె చుట్టూ ఎర్ర గీత వచ్చింది. ఇది సరైన ఈమెయిలు కాదు అని కింద వచ్చింది.

"మధ్యలో చుట్ట యాడ పోయింది పెద్దమ్మా?" అంది ఆ అమ్మాయి.

"ఏం చుట్ట?"

తను ఓ కాగితం మీద గీసి చూపించింది. అక్షరం చుట్టూ తోక చుట్టుకున్నట్టు ఉంది.

"అది పువ్వు కదా!"

మా గోడ మీద ఆ మెలిక ఉన్న మాట నిజమే. రంగులవాడు సోకుకు వేశాడనుకున్నాను. పువ్వును టైపు చేయాలని ఎవరనుకుంటారు? ఆ అమ్మాయి బల్ల పట్టుకుని నవ్వింది. వెనక కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన ఆయన కూడా నవ్వాడు. పువ్వు పెట్టాను. మళ్లీ ఎర్ర గీతే. నా బొటనవేలు తగిలి మధ్యలో ఖాళీ పడిందట. అది తీసేశాక పచ్చ టిక్కు వచ్చింది. మా సాయంత్రం బళ్లో టీచరమ్మ తప్పు లేకపోతేనే టిక్కు పెట్టేది. కాబట్టి ఇక నాలో గానీ ఈమెయిల్లో గానీ తప్పు లేదని నమ్మేశాను.

"దానికి ఒక మెయిలు వస్తాది. అందులో నీలం లైను నొక్కాల. రేపు ఇదే పొద్దులోగా నొక్కకపోతే చెల్లదు" అని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది.

"నొక్కుతాలే" అన్నాను. ఆదివారం కవరు చేతికొస్తుంది, అప్పుడు చూసుకుందామనుకున్నాను. రేపు అంటే ఆదివారం కాదని ఆలోచించేంత తీరిక నాకు లేదు. ఆ పచ్చ టిక్కును తలుచుకుంటూ ఆటో ఎక్కాను.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల వేళ వచ్చింది. బెంగళూరులో పనులకు పోయినవాళ్లు తమ మనవులను ఆ ఈమెయిలుకే పంపుతారు. అయ్యగారు ఫోను తీసి ఒక్కొక్కటీ చదువుతారు. ఒకరి మోకాళ్లు, ఒకరి గేదె, ఒకరి అల్లుడు. ఆ తర్వాత నా పేరు వినపడింది.

"మన సహోదరి పదో తరగతి రాయబోతాండాది. లెక్కలు కూడా తీసుకుండాది" అని అయ్యగారు ఒక్క క్షణం ఆగారు. "శానా ప్రార్థన అవసరం."

కవరును అయ్యగారు ఏనాడూ విప్పి చూడలేదు. ఈమెయిలుకు కవరు ఉండదని నాకెవరూ చెప్పలేదు.

ఆడవాళ్ల వైపు నవ్వు మొదలై మగవాళ్ల వైపుకు పోయింది. అక్కడినుంచి మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆరాధన అయ్యాక బయట బండ మీద చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు:

"ఏమే, కట్టుకున్నోనికి కూడా దేవుని ద్వారానే తెలియాల్నా?"

నేను అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను.

"అయ్యగారూ, దాంట్లో నీలం లైను నొక్కినారా?"

"నేనెందుకు నొక్కుతానమ్మా? అట్లాటివి నొక్కితే బ్యాంకులో దుడ్లు పోతాయంట. మనవి చదివినా, ప్రార్థన చేసినా. అంతే."

అక్కడే బతిమాలి నొక్కించాను. ఈ లైను గడువు దాటిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి అని వచ్చింది. మిగిలింది సోమవారం ఒక్కటే. పరీక్ష పోతే మళ్లీ ఏడాది ఆగాలి. అంతకంటే ఘోరం, ఊరంతా ప్రార్థన చేసిన పరీక్షకు పేరే ఎక్కలేదని వచ్చే ఆదివారం అయ్యగారు చదవాలి. కంపచెట్లే నయం అనిపించింది.

"మెయిలు పంపినోళ్లకు నువ్వు యాడ ఉండావో ఎట్లా తెలుస్తాదమ్మా? నీకంటూ ఒకటి పెట్టుకో" అన్నారు అయ్యగారు.

మరుసటి రోజు పొద్దున్నే డోన్‌కు బయలుదేరాను. ఇక దాచడానికేమీ లేదు కాబట్టి స్త్రీల సమాజం నుంచి నలుగురు నా ఆటోలోనే ఎక్కారు. మలుపు దగ్గర ఆటో వేగం తగ్గింది, అందరూ కంపచెట్ల వైపు చూశారు. సెంటరు తలుపులు తీసేసరికి మేం మెట్ల మీదే ఉన్నాం. ఆ అమ్మాయి నా పేరుతో కొత్త ఈమెయిలు చేసిచ్చింది. దాన్ని కొడుతుంటే వెనకనుంచి నలుగురూ ఒకేసారి అరిచారు: "పువ్వు మర్చిపోవద్దు మే!"

పచ్చ టిక్కు వచ్చింది. ఈసారి దాని మొహం కూడా చూడలేదు. నా కొత్త పెట్టె తెరిపించి, ఏమైనా వస్తుందా అని కళ్లార్పకుండా కూర్చున్నాను. కాసేపటికి మెయిలు వచ్చింది. నలుగురూ నా భుజాల మీదికి వంగి బయటికి చదవబోయారు. స్క్రీనుకు కొంగు అడ్డం పెట్టి, ఆ నీలం లైనును నేనే నొక్కాను.