మెహ్జబీన్ పడుకున్న పరుపు

ఇదివరకు తెల్లవారితే మా ఇంట్లో ముందు వినపడేది ధబ్బుమని మనిషి పడిన చప్పుడే. నరసరావుపేటలో మాది దూదేకుల ఇల్లు. ముందురోజు కుట్టిన పరుపుల్ని మా ఆయన ఇస్మాయిల్ వరండాలో పరిచి, బెత్తంతో కొట్టి సమం చేసేవాడు. ఆయన అటు తిరగగానే మా అమ్మాయి మెహ్జబీన్ వాటి మీద పడేది. పక్కకి, వెనక్కి, తల తగలకుండా. ఇప్పుడు పొయ్యి మీద టీ మరిగే చప్పుడు కూడా నాకు వినపడుతోంది.

"ఒసేయ్, అది పెళ్ళోళ్ళ పరుపు! దాని మీద నీ కుస్తీలేంది?" అని అరిచేవాడాయన.

"గట్టిగుందో లేదో చూసి పంపిస్తన్నా నాన్నా. నాకే నువ్వు కూలియ్యాల."

జూడోలో ముందు నేర్పేది పడటమేనట. స్కూల్లో డ్రిల్లు మాస్టారు ప్రభుదాసు నేర్పాడు. ఎదుటిమనిషిని వీపు ఆనేట్టు పడేస్తే గెలుపు. అలా గెలుచుకుంటూ అది తాష్కెంట్ దాకా వెళ్ళి కంచు పతకం తెచ్చింది. దేశం పేరున్న గుడ్డని దాని తెల్లకోటు వీపుకి కుట్టింది మా ఆయనే, పరుపుల దారంతో. ఎవరు పట్టి గుంజినా ఊడకూడదని.

మరుసటేడు ఇంకో దేశంలో, ఎదుటి పిల్లని విసరబోయి తానే తలకిందులుగా పడింది. మెడ ఎముక విరిగింది. కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి.

గుంటూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు, చేతులు కొంత రావచ్చన్నాడు. "కానీ వీపు పుండు పడితే ప్రాణం మీదికొస్తుంది. మోటారుతో గాలి నిండే పరుపు కొనండి" అన్నాడు.

మా ఆయన మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి బూరుగుదూది తెప్పించాడు. గింజ లేకుండా చేత్తో ఏరి, ఏకి, మెత్తగా పరుపు కుట్టాడు.

ఆసుపత్రిలో ఆయాగా చేసే పక్కింటి జరీనా చూసి, "అన్నా, దూది ఒకచోటే అణిగిపోద్ది. డాక్టరు చెప్పిందే కొనన్నా" అంది.

"దూది సంగతి నాకు చెప్తన్నావా? ఊరందరినీ పడుకోబెట్టినోణ్ణి, నా బిడ్డని రబ్బరు తిత్తి మీద పడేస్తానా?"

మెహ్జబీన్ నవ్వింది. "జూడోలో వీపు ఆనితే ఓడినట్టేనమ్మా. నేను రోజంతా ఓడిపోతానే ఉన్నా."

పక్క మారుస్తూనే ఉన్నాం. అయినా దూది దాని నడుము కింద గుంటపడింది. దానికి నొప్పి తెలియదు. ఒకరోజు దుప్పటికి తడి అంటితే తిప్పి చూశాను. పుండు లోపలికి దిగిపోయింది. జ్వరం పట్టుకుంది. గాలి పరుపు అప్పుడు తెచ్చాడాయన. ఆ మోటారు చప్పుడు వింటూ అది ఎన్నాళ్ళో ఉండలేదు.

తర్వాత ఆయన బెత్తం ముట్టుకోలేదు. నిన్న మాత్రం బ్లేడు తెచ్చి నా ముందు పెట్టాడు. పాత పరుపుల కుట్లు విప్పడం మా ఇంట్లో నా పని.

"ఏమే, పిల్ల పరుపు విప్పు. కళ్ళబడితే నాకు ఊపిరాడటల్లా. దూది ఎండేస్తే మళ్ళీ ఏకుతా."

చుట్టిపెట్టిన పరుపుని పరిచి చూశాను. భుజాల దగ్గర కొంచెం, నడుము దగ్గర ఎక్కువ, మడమల దగ్గర చిన్నగా గుంటలు. ఏకితే దూది పొంగుతుంది. అవి పోతాయి.

"విప్పను" అన్నాను.

"దూది పురుగు పడద్దే."

"పడనీ."

పరుపు అలాగే పరిచే ఉంచాను. బ్లేడు తీసుకెళ్ళి సూదుల డబ్బాలో వేశాను.