దూడ చూపు

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని గట్టిగా నమ్మేవాణ్ణి. వికారాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివేవాడికి దయ్యాలు ఒక లెక్కా? ఆ ధీమాతోనే సెలవులకు యాలాల్ దగ్గరి మా ఊరికి వెళ్లి, మొదటి మధ్యాహ్నమే కొట్టం గోడకు అతుక్కుపోయాను. కారణం మా అవ్వ (నాన్నను కన్నతల్లి) పెంచుకుంటున్న బర్రె దూడ. తాత పోయాక అవ్వకు మాటలన్నీ దానితోనే. గాలి లేదు, ఈగ లేదు, అయినా దాని చెవులు టపటపలాడుతున్నాయి. ఒళ్లు సన్నగా వణుకుతోంది. పళ్లు కొరుకుతూ, కళ్లు పెద్దవి చేసుకుని ఖాళీ మూలకేసి చూస్తోంది. ఒకప్పుడు తాత మంచం అక్కడే ఉండేది.

"మీ తాత అచ్చిండురా," అంది అవ్వ, చాయ్‌కి చుట్టమెవరో వచ్చినంత మామూలుగా. "పోయినేడు దూడను గూడ గిట్లనే తీస్కపోయిండు. దీన్నన్న ఉంచుమంటే ఇంటలేడు."

పక్కింటి చిన్నాయన పండుగలకు డోలు కొట్టేవాడు. నాలుగు దెబ్బలేస్తే ఎంతటి దయ్యమైనా పోవాల్సిందేనంటూ డోలు తెచ్చి మోగించాడు. మొదటి దెబ్బకే దూడ కూలబడి, కాళ్లు కట్టెలై, మెడ వెనక్కి విరుచుకుని కొట్టుకుంది. డోలు ఆపితే తగ్గింది. మళ్లీ కొడితే మళ్లీ లేచింది ఆ వణుకు. "సూసినవా, పలుకుతుండు," అన్నాడు చిన్నాయన. నాకు కంఠతా వచ్చిన ఏకైక మంత్రం, కిరణజన్య సంయోగక్రియ సమీకరణం, లోలోపల చదువుకుంటున్నాను. అవ్వ మాత్రం ఆ మూలకు తిరిగి చేతులు జోడించింది. "దాన్ని ఇడిశిపెట్టు. నేనస్త నీతోటి."

ఆ మాట వినగానే బయటికి ఉరికి తాండూరులోని పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

ఆయన బండి దిగుతూనే, "ముందుగాల ఆ డోలు బంద్ చెయ్యుండ్రి," అన్నాడు. దూడను చూసి, చర్మం కింద మెల్లగా మందు ఎక్కించి, అవ్వ వైపు తిరిగాడు. "ఏం తినవెడుతున్నవ్ అవ్వా?"

"పాలే సారు. కడుపునిండ పాలు. గడ్డిపోచ గూడ ముట్టనియ్య, పసిది గదా," అంది అవ్వ గర్వంగా. "మన్ను తినకుంట మూతికి చిక్కం గట్టిన."

"గదే తిప్పలైంది. ఒట్టి పాల మీద పెంచితే దూడకు మెగ్నీషియం చాలదు. నరాలు అదుపు తప్పుతయి, జర చప్పుడైనా కొట్టుకుంటది. పోయినేడు దానికి గూడ గిదే అయ్యుంటది." దాణాలో కలపమని పొడి ఇచ్చి, చిక్కం విప్పించాడు.

పొద్దు వాలేసరికి దూడ లేచి నిలబడింది. పచ్చగడ్డి అందిస్తే వాసన చూసి నమిలింది. అవ్వ దాని మెడ పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. తర్వాత బండి ఎక్కబోతున్న డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"అంటే మా ఇంటాయన రాలేదా సారు?"

డాక్టరు నా వైపు చూశాడు. సైన్సు చదివినవాడిని, చెప్పాల్సింది నేనేనని కాబోలు. నేను నవ్వబోయి, అవ్వ ముఖం చూసి ఆగిపోయాను. "అచ్చిండు అవ్వా," అనేశాను. "దూడను చూసి పోయిండు." పరీక్షల్లో ఎన్ని తప్పులు రాశానో గుర్తులేదు గానీ, ఈ ఒక్క తప్పు జవాబుకు నాకు నేనే పూర్తి మార్కులు వేసుకున్నాను.