బ్రేకు తప్పా, కాలు తప్పా?

మైదుకూరులో పప్పుల అంగడి నడిపే రామకోటయ్య పొదుపరి. పిసినారి అనడం అన్యాయం. ఆ మాట ఇంట్లోవాళ్లు మాత్రమే అనేవారు. రెండువేల నాలుగులో, యాభై ఎనిమిదో ఏట, పాత తెల్ల కారొకటి కొన్నాడు. అప్పటినుంచి పక్కవీధికి పోవాలన్నా కారే.

ఆ వేసవిలో గువ్వలచెరువు ఘాటురోడ్డు దిగుతుండగా బ్రేకు రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లతో, పళ్లు బిగబట్టి తొక్కితే, ముందున్న బేతంచెర్ల బండల లారీకి జానెడు దూరంలో కారు ఆగింది. పక్కన కూర్చున్న భార్య రాజ్యలక్ష్మమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే కొడుకు సుదర్శన్ చెయ్యి చాచాడు.

"నాయనా, నీ కాల్లో సత్తువ తగ్గిండాది. తాళాలు ఇట్లియ్యి."

"కాలు గాదురా, బ్రేకు చెడిపోయిండాది!"

"చెడిపోయింటే బండి నువ్వే తోలుకో. బాగుంటే ఇంకమీదట నేను తోల్తా."

కొడుకు తోలుతుంటే పక్కసీట్లో మూటలా కూర్చుని బజారు దాటడం కంటే రామకోటయ్యకు వేరే అవమానం లేదు. ముగ్గురూ మెకానిక్ దావీదురాజు షెడ్డుకు వెళ్లారు.

దావీదురాజు ఇంజను ఆపి పెడలును నాలుగుసార్లు తొక్కాడు. గట్టిపడింది. కాలు తీయకుండానే ఇంజను స్టార్టు చేశాడు. పెడలు మెత్తగా కిందికి దిగింది.

"బూస్టరు బంగారంలా ఉండాది శెట్టిగారూ. ఇంజను తిరుగుతాంటే సగం బ్రేకు అదే తొక్కుతాది."

బూస్టరు గొట్టం చూశాడు, బ్రేకు ఆయిలు చూశాడు, చక్రాలు విప్పి ప్యాడ్లూ చూశాడు. ఎక్కడా లోపం లేదు. సుదర్శన్ మీసాల కింద నవ్వుకున్నాడు.

"ఘాటులో మటుకే గట్టిగా ఐతాండాదా? దిగేటప్పుడు ఏం జేస్తారు?" అని దావీదురాజు ఆరా తీశాడు.

రామకోటయ్యకు తన చొక్కా గుండీ మీద ఎక్కడలేని శ్రద్ధ కలిగింది. రాజ్యలక్ష్మమ్మే అందుకుంది.

"ఏమీ జేయడప్పా. దిగుడు మొదలైతానే బండి సద్దు లేకుండా అయిపోతాది. శానా హాయి. ఇదేమంటే, ఇంజను అలిసిపోయి పండుకుందంటాడు."

దావీదురాజు పానా కింద పెట్టాడు. "పెట్రోలు మిగులుతాదని ఆపేస్తాండారా శెట్టిగారూ?"

"బండి దానంతటదే పోతాంటే ఇంజనెందుకప్పా, దండగ?"

"ఇంజను ఆగితే బూస్టరూ ఆగుతాది. మిగిలిన బలం ఒకటి రెండు తొక్కులకే. ఆ మీదట బండినంతా మీ కాలే ఆపల్ల!"

రామకోటయ్య ముఖం వెలిగిపోయింది. "ఇన్యావా రా సుదర్శనా? బండినంతా నా కాలే ఆపిండాది!"

బ్రేకు బాగుందని తేలినా, సుదర్శన్ తాళాలకని చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాల్లో సత్తువ తగ్గిందన్నది తనే మరి.

"కాలికేం, ఏనుగు కాలు," అంది రాజ్యలక్ష్మమ్మ. "చెంచాడు పెట్రోలుకు నన్ను లారీ కిందికి తోస్తాంటివి గదా!"

కారు ఇప్పటికీ ఆయనే నడుపుతాడు. కాకపోతే ఘాటు మొదట్లోనే ఆమె కారులో మోగే పాటలు ఆపేసి, "ఇంజను సద్దు నాకు ఇనపడతానే ఉండల్ల," అంటుంది. ఇంజను గుర్రుమంటూనే ఉంటుంది. బ్రేకు వెన్నలా దిగుతుంది. రామకోటయ్య మాత్రం గోనెసంచికి చిల్లుపడి కందిపప్పు దారిపొడుగునా కారిపోతున్నవాడిలా ముఖం పెట్టుకుని ఒక్కో మలుపూ దిగుతాడు.