నాలుగో చరణం

నేను కట్టిన క్రైస్తవ పాటల్లో ఒక్కటే మా సంఘం దాటి బయటికి పోయింది. చురుగ్గా నడిచే పాట అది. అల్లూరులో ఒక గదిలో కీబోర్డుతో రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపాను. పాటను సాగదీస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సంగతి మా గాయక బృందానికి బాగా తెలుసు.

మొన్న సముద్రం దగ్గరి పల్లెలో, రొయ్యలు బాగా పడ్డాయని ఒక కుటుంబం కృతజ్ఞతా కూడిక పెట్టింది. రొయ్యల గుంటల గట్టు మీదే పట్టాలు పరిచారు. తెలిసినవాళ్ల వెంట వెళ్లిన నేను ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. నేనెవరో వాళ్లకు తెలియదు. కంజిర అందుకుని నా పాటే ఎత్తుకున్నారు. సంతోషించేలోపే నీరుగారిపోయాను. ప్రతి పాదాన్నీ మా అమ్మమ్మ నాటి కీర్తనలా లాగుతున్నారు. ఉండబట్టలేక గొంతు పెంచి, నా వేగంలో పాడసాగాను.

పక్కనున్న ముసలామె నా మోకాలి మీద తట్టింది.

"అట్టా పరిగెత్తబాకమ్మా. ఇది నిదానంగా పాడే పాట. మాతో పాటు పాడు, అదే వచ్చేస్తాది."

పాట నాదేనని చెప్పబోయాను. అప్పటికే రెండో చరణం మొదలైంది. సరేలెమ్మని వాళ్లతో గొంతు కలిపాను. ఆ నిదానంలో పాట బాగానే ఉంది, నిజం చెప్పొద్దూ.

నేను రాసినవి మూడు చరణాలే. మూడోది అయ్యాక వాళ్లు ఆగలేదు. నాలుగోది ఎత్తుకున్నారు. అందులో వలలున్నాయి, ఉప్పునీళ్లున్నాయి, వాటిని కాచిన దేవుడున్నాడు. ముసలామె పెదవుల వంక చూస్తూ, దాన్ని నిదానంగా నేర్చుకున్నాను.