విత్తనంగా తీసిన పాట

నాకో గొప్ప గుణం ఉంది. ఇంట్లో ఏదైనా చెడిపోతే అది ఎవరివల్ల చెడిందో క్షణంలో తెలిసిపోతుంది. చాలాసార్లు తప్పుగా తెలుస్తుంది, అది వేరే సంగతి.

రెండువేల ఐదో, ఆరో అయి ఉంటుంది. బందరులో మా ఇంటి వెనకగదిలో ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక కీబోర్డు పెట్టుకుని పాటలు రికార్డు చేసేవాణ్ణి. వారమంతా ఆఫీసు, ఆదివారం ఈ పని. గోడలకు పాత బొంతలు, వాటిమీద ఖాళీ ధాన్యం గోతాలు వేలాడదీశాను. బయటి చప్పుడు రాకూడదని కిటికీలు మూసి, ఫ్యాను కూడా ఆపేసేవాణ్ణి. పాడటానికి వచ్చినవాళ్ళు స్నానం చేసినట్టు తడిసి బయటికి వచ్చేవారు. భజన బృందాల పాటలు, స్కూలు వార్షికోత్సవాల పాటలు ఎన్నో చేశాను. బందరు నుంచి గుడివాడ దాకా ఈ పని నా అంత బాగా తెలిసినవాడు లేడని నా నమ్మకం. ఈ పని చేసేవాడే ఇంకొకడు లేడని మా ఆవిడ వాదన.

గోతాలు ఇచ్చింది మా బాబాయి. దివిసీమలో నాగాయలంక దగ్గర వ్యవసాయం. ఏటా నూర్పులు అయ్యాక వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉండేవాడు. ఆయనకు కంప్యూటరంటే మహా సరదా. పిట్ట ఎగిరిపోతుందేమో అన్నట్టు మౌస్‌ను రెండు చేతులతో పట్టుకునేవాడు. ఆ ఏడు ఆయనకు ఫైలు కాపీ చెయ్యడం, కట్ చెయ్యడం, ఇంకోచోట పేస్ట్ చెయ్యడం నేర్పాను. నా పాత పెన్ డ్రైవ్ కూడా ఇచ్చేశాను. దాన్ని ఆయన మొలతాడుకు, తాళంచెవి పక్కన కట్టుకున్నాడు.

ఆ పది రోజుల్లోనే ఒక ఆదివారం, వాళ్ళ ఊరి పక్క పల్లె నుంచి ఒక మత్స్యకారుణ్ణి, ఆయన భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. సముద్రపు ఒడ్డున ముప్ఫైమంది పెద్ద వల లాగుతుంటే ముందుండి పాట అందుకునేది ఆయనే. ఆయన పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు వంత పాడుతూ ఒక్కసారిగా లాగుతారు.

"బావకి గొంతులో పుండు పడిందిరా. స్వరపేటిక తీసెయ్యాలన్నారు గుంటూరులో. బుధవారం ఆపరేషను. ఈలోగా ఆ పాట ఎక్కించు" అన్నాడు బాబాయి.

ఎక్కించాను. ఎలా ఎక్కించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మొదటిసారి ఆయన పాట ఎత్తుకోగానే గది అదిరిపోయింది. మైకును రెండడుగులు వెనక్కి జరుపుదామని లేచేలోపే, గుమ్మం అవతల కూర్చున్న ఆయన భార్య వంత అందుకుంది. ఆయన పిలవడం, ఆమె పలకడం, పాట మొత్తం అలాగే సాగింది. అయిపోయాక నేను చేసిన మొదటి పని ఆమెను కోప్పడటం.

"అమ్మా, మీరు మాట్లాడకూడదు. ఆయన గొంతు ఒక్కటే రావాలి."

"వంత లేకపోతే పాట ఎట్టా నడుస్తది బాబూ?" అంది ఆమె.

"వంత తర్వాత కలుపుతాను. అదంతా నాకొదిలెయ్యండి."

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. నేను ఆయన చేత మళ్ళీ పాడించాను. ఐస్‌బండి గంట పడిందని ఒకసారి, దగ్గు వచ్చిందని ఒకసారి, ఇలా మొత్తం ఆరుసార్లు. పాడిన ప్రతిసారీ ఆయన వంత కోసం ఆగి ద్వారం వైపు చూసేవాడు. అటునుంచి ఏమీ రాదు. ఆరోసారికి ఆయన చెమట తుడుచుకుంటూ నవ్వి, చెయ్యి ఊపి, ఇక చాలన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బాబాయి అన్నాడు: "మొదటిది గట్టి గింజరా. మిగతావి తాలు."

"మొదటిదాంట్లో ఆవిడ గొంతు పడింది బాబాయ్. ఐదోది శుభ్రంగా ఉంది. ఐదోదే వాడతాను."

మూడో రోజున బాబాయి ఊరికి వెళ్ళిపోయాడు.

మండువేసవిలో కబురొచ్చింది. ఆయన కోలుకున్నాడు, మాట మాత్రం పోయింది, ఆదివారం పాట వినడానికి వస్తున్నారు అని. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఐదోది విన్నాను. శుభ్రంగానే ఉంది, ఉతికి ఆరేసిన బట్టలా. అందులో మనిషి లేడు. పిలిచి పిలిచి, పలికేవాళ్ళు లేక విసిగిపోయిన గొంతు అది. మిగతావి విన్నాను, ఒకదానికంటే ఒకటి నీరసం. బాబాయి మాట అప్పటికి తలకెక్కింది. మొదటిది తెరిచాను.

తెరమీద ఓ చిన్న డబ్బా వచ్చింది. ఫైలు దొరకలేదు, ఎక్కడ వెతకమంటారు అని అడిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రికార్డింగు సాఫ్ట్‌వేరులో ప్రాజెక్టు అంటే పాటలన్నీ దాచిన పెట్టె అని చాలామంది అనుకుంటారు. కాదు. అది శుభలేఖలు పంచడానికి రాసుకున్న చిరునామాల కాగితం లాంటిది. గొంతులు వేరే ఫైళ్ళలో ఉంటాయి, ఏది ఎక్కడుందో మాత్రమే ప్రాజెక్టుకు తెలుసు. ఒక ఇంటివాళ్ళు చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేస్తే కాగితంలో చిరునామా అలాగే ఉంటుంది, తలుపు తడితే పలికేవాళ్ళుండరు. నాకు జరిగింది అదే.

అంతకంటే బాధపెట్టిన సంగతి ఇంకోటి ఉంది. ప్రతి పాటకూ దాని చప్పుడు హెచ్చుతగ్గుల గీతల బొమ్మను కంప్యూటరు విడిగా ఒక చిన్న ఫైల్లో దాస్తుంది. ఆ బొమ్మ పోలేదు. ఆయన పిలుపులు పెద్ద కొండల్లాగా, ఆమె వంతలు వాటి పక్కన చిన్న గుట్టల్లాగా తెరమీద కనిపిస్తూనే ఉన్నాయి. ఆడించే మీట నొక్కితే గీత ఆ కొండల మీదుగా నడుచుకుంటూ పోతుంది, చప్పుడు లేదు. ఆ మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడో కంప్యూటరు నాకు చూపిస్తున్నట్టు అనిపించి, కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాను. నాకు నిజంగా భయం వేసింది. మళ్ళీ పాడించడానికి ఇక ఆ గొంతు లేదు.

భయం తగ్గగానే కోపం వచ్చింది. ముందు మా ఆవిడను అడిగాను. గది ఊడ్చేటప్పుడు ఏమైనా నొక్కావా అని. "నేను చీపురుతో ఊడుస్తానండీ, మౌస్‌తో కాదు" అంది. తర్వాత, ఎండలు ముదిరాక లోపల కొత్త పంకా బిగించడానికి కంప్యూటరు విప్పిన మెకానిక్కును అనుమానించాను. అతని మీద నా నోటికొచ్చినవన్నీ మనసులోనే తిట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి పద్ధతిగా మొదలుపెట్టాను. ఎవరూ కంప్యూటరును ముట్టుకోవద్దని చెప్పాను. ఫైలు చెరిగిపోయి ఉంటే, దాని చోట ఇంకేదైనా రాసుకునేదాకా అది తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. అందుకని దానిమీద కొత్తగా ఏదీ ఎక్కించకూడదు. పేరుతో వెతికాను. ఎవరైనా పేరు మార్చారేమోనని ఆ రోజు తారీకుతో వెతికాను, అంత పొడవు పాట ఎంత బరువుంటుందో లెక్కగట్టి ఆ బరువుతో వెతికాను. చెత్తబుట్ట చూశాను. రెండో డిస్కు చూశాను. ఎక్కడా లేదు.

చివరికి సీడీలు తీశాను. ప్రతి నెలాఖరునా అన్నిటినీ సీడీ మీదికి ఎక్కించి దాచే అలవాటు నాది. పాట రికార్డయిన నెల సీడీ పెట్టి చూస్తే అందులో ఐదు ఫైళ్ళున్నాయి. మొదటిది లేదు.

కుర్చీలో వెనక్కి వాలాను. అంటే నెలాఖరుకే అది లేదు. మెకానిక్కు వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకు. పాపం, అతనికి ఏ సంబంధమూ లేదు. పాట రికార్డయిన రోజుకూ నెలాఖరుకూ మధ్య వారం రోజులు. ఆ వారంలో ఈ కుర్చీలో కూర్చున్నది ఇద్దరే. నేను, బాబాయి.

ఫోన్ చేశాను.

"అదా? అది తీసేశానుగా" అన్నాడు బాబాయి, మజ్జిగ తాగుతున్నంత నిదానంగా.

"తీసేశావా! ఎందుకు బాబాయ్?"

"విత్తనానికి. మొదటిది గట్టి గింజని చెప్పానుగా. నువ్వు వినిపించుకోలేదు. విత్తనాన్ని కుప్పలో వదిలేస్తారంట్రా ఎవరన్నా?"

"కాపీ చెయ్యాలి గానీ కట్ చేస్తే ఎలా?"

"ఒకే గింజ కుప్పలోనూ ఉండి, సంచిలోనూ ఎట్టా ఉంటదిరా? తీస్తే కుప్పలో ఉండదు. నువ్వు నేర్పిందేగా కట్టు."

డెబ్భై ఏళ్ళుగా ఒక గింజ ఒకేచోట ఉండటం చూసిన మనిషికి, ఒకే పాట రెండుచోట్ల ఉండొచ్చని నేను ఒక్క పూటలో చెప్పేశాననుకున్నాను.

"ఇప్పుడెక్కడుంది?"

"ముదినేపల్లిలో. అక్క దగ్గర."

అప్పుడు అర్థమైంది. డెబ్భై ఏడు ఉప్పెనలో బాబాయి ఇల్లు పోయింది, పశువులు పోయాయి, గాదె పోయింది. నీళ్ళు తీశాక చల్లుకోవడానికి గుప్పెడు విత్తనం కూడా లేక పై ఊళ్ళలో అడుక్కున్నాడు. ఆనాటి నుంచి ఆయన విత్తనాన్ని సముద్రానికి దగ్గరగా ఉంచడు. నూర్పులు కాగానే మంచి వడ్లు ఏరి, ముదినేపల్లిలో తన అక్క, అంటే మా మేనత్త ఇంటికి చేరుస్తాడు. నాట్ల ముందు వెళ్ళి తెచ్చుకుంటాడు. మా ఇల్లూ బందరులోనే కదా. ఆయన లెక్కలో అదీ సముద్రం పక్కనే.

శనివారం పొద్దున్నే బస్సెక్కి గుడివాడలో దిగి, బస్సు మారి ముదినేపల్లి వెళ్ళాను. మా మేనత్త కాఫీ ఇచ్చింది, ఉప్మా పెట్టింది. పెన్ డ్రైవ్ సంగతి ఎత్తగానే ముఖం మార్చేసింది.

"దాచినవాడు అడక్కుండా విత్తనం బయటికి ఇవ్వనురా. నువ్వు నా మేనల్లుడివే, కాదనను. కానీ వాడు చెప్పాలి."

"అది విత్తనం కాదత్తయ్యా, పెన్ డ్రైవ్!"

"విత్తనాల్లో పెట్టాడంటే విత్తనమే."

మళ్ళీ బాబాయికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. ఆయన చెప్పాక అటక మీది నుంచి ఒక సంచి దింపించింది. మూతి విప్పితే వడ్లలో ఎండిన వేపాకు, వేపాకులో ఒక ప్లాస్టిక్ కవరు, కవరులో పెన్ డ్రైవ్. పురుగు పట్టకుండా దానికీ వేపాకు వేశాడు. వైరస్ పట్టకుండా ఇంత శ్రద్ధ నేనెప్పుడూ తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి దాన్ని కంప్యూటరుకు తగిలించాను. ఒకే ఫైలు ఉంది. ముందు దాన్ని రెండుచోట్ల కాపీ చేశాను. ఆ తర్వాత ప్రాజెక్టు తెరిస్తే మళ్ళీ అదే ప్రశ్న, ఎక్కడ వెతకమంటారని. ఈసారి చూపించాను. మీట నొక్కగానే ఆయన గొంతు గదంతా నిండింది. వెనకే ఆమె వంత. వంటింట్లోంచి మా ఆవిడ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ పాటలో నేను ఒక్క చప్పుడూ తుడవలేదు, ఒక్క గీతా సరిచెయ్యలేదు. అంత తక్కువ పని చేసి అంత గర్వపడింది నా జీవితంలో అదే.

ఆదివారం వాళ్ళిద్దరూ బాబాయితో కలిసి వచ్చారు. ఆయన చిక్కిపోయాడు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ కట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు, పెదాలు కదిలాయి, మాట రాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాను వేశాను. ఇక ఆపాల్సిన అవసరం లేదు. ఆమె అలవాటుగా గుమ్మం అవతలే కూర్చోబోయింది. లోపలికి రమ్మని, ఆయన పక్కన కుర్చీ వేసి, ఆ రోజు కోప్పడ్డందుకు తప్పు నాదేనని చెప్పాను. "ఎందుకులే బాబూ" అంది.

పాట పెట్టాను. తన గొంతు బయట నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్ళు మూసుకుని, తొడమీద చేత్తో దెబ్బ వేస్తూ, పిలుపు ఎత్తుకున్న ప్రతిచోటా భుజాలు ముందుకు వంచాడు. వల ఆయన చేతిలో ఉందనే అనిపించింది. బాబాయి పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

సగంలో ఆమె వంత అందుకుంది. పెట్టెలోంచి ఒక గొంతు, పక్కనుంచి ఒక గొంతు, రెండూ ఆమెవే. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు తిరిగి, చివరిదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

పాట అయిపోయింది. ఆమె అంది:

"నేను పిలిస్తే ఆయన పలకలేడు బాబూ. ఆయన పిలిస్తే నేను పలకొచ్చుగా. ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి పెట్టాను.