దీనమ్మ చూసిన యుద్ధం

నరసాపురంలో దీనమ్మ వాళ్ళ నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. సినిమా పోస్టరు కనబడితే పిల్లల్ని రోడ్డు అవతలి పక్కకి దాటించి నడిపించే మనిషి. సినిమా చూడ్డం, పేకాడ్డం, సారా తాగడం ఆయన లెక్కలో ఒకే గంపలో సరుకు. ఆ పెంపకం అంత తొందరగా వదులుతుందా? పెళ్ళయి అమెరికా వచ్చి, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కుని, ఆస్పత్రిలో మంచి నర్సని పేరు తెచ్చుకుని, మంచు పడ్డ రోజున కూడా ధైర్యంగా కారు డ్రైవ్ చేసుకుంటూ డ్యూటీకెళ్ళే మనిషి సినిమాహాలు గుమ్మం మాత్రం తొక్కలేదు. కూతురు నవోమి "అందరూ వెళ్తారు మమ్మీ" అని బతిమాలితే, "అందరి సంగతీ మనకెందుకు, పోయి చదువుకో" అనేది. అంతే, అక్కడితో సరి.

అలాంటి దీనమ్మ సినిమాకెళ్ళింది. ఊరికే వెళ్ళిందా? కారణముంది. ఆ కారణం పేరు రత్నరాజు, ఆమె మొగుడు.

రత్నరాజు పెళ్ళికి ముందే చదువుకోడానికి అమెరికా వచ్చాడు. చదువైపోయి గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిందని సంతోషపడేలోపు సైన్యం నుంచి పిలుపొచ్చింది. పరాయి దేశంవాణ్ణి యుద్ధానికెలా పంపుతారండీ అంటారేమో, పంపారు మరి. గ్రీన్‌కార్డ్ ఉంటే చాలు, పిలుపు తప్పేది కాదు. వియత్నాం వెళ్ళి, ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చి, ఓ కంపెనీలో ఇంజనీరుగా చేరి, నరసాపురం వెళ్ళి దీనమ్మని చేసుకున్నాడు. యుద్ధం గురించి అడిగితే "అదంతా ఇప్పుడెందుకే" అని వంటింట్లోకి లేచిపోయేవాడు. వంటింట్లో ఏం చేస్తాడంటారా? రొట్టెపిండి పిసుకుతాడు. ఆయనకదో పిచ్చి. ఎడిసన్ తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఓ అద్దె హాల్లో కూడుకునేది. నెలకోసారి ఏసు పేరు మీద అందరూ ఒకే రొట్టె పంచుకుని తినే ప్రభువు బల్లకి ఆ రొట్టె రత్నరాజే కాల్చి తెచ్చేవాడు. ఆ రొట్టె మెత్తదనం గురించి ఆడవాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు కూడాను.

మొగుడు చెప్పడు, ఈవిడ అడగడం మానేసింది. కాపురం హాయిగానే సాగిపోయింది, ఎనభై ఏడో సంవత్సరం చలికాలం దాకా.

ఆ చలికాలం ఎక్కడ విన్నా వియత్నాం యుద్ధం మీద వచ్చిన ఒక్క సినిమా గురించే. దీనమ్మతో పాటు డ్యూటీ చేసే శాంతికి సినిమాలంటే ప్రాణం. లంచ్ టైములో కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. "ఇదివరకు వచ్చినవి వేరు దీనా. మొదట్లో పిచ్చెక్కిన సోల్జర్ల సినిమాలు తీశారు. తర్వాత కండలవాడొకడు ఒంటరిగా వెళ్ళి ఊళ్ళకి ఊళ్ళు కాల్చిపారేసేవి. ఇది అలా కాదు. జరిగింది జరిగినట్టు తీశారట. చూసొచ్చిన వెటరన్లే చెబుతున్నారు."

"జరిగింది జరిగినట్టా?" అంది దీనమ్మ.

అంతే. ఆ మాటకి పడిపోయింది. ఇది సినిమా కాదు, చరిత్ర అని మనసుకి నచ్చజెప్పుకుని, ఓ మధ్యాహ్నం ఆటకి శాంతి వెనకాల తల వంచుకుని హాల్లోకెళ్ళింది.

అయ్యో, వెళ్ళకుండా ఉండాల్సింది! మనం చిన్నప్పట్నుంచీ సినిమాలు చూసినవాళ్ళం. హీరో చస్తే ఏడుస్తాం, బయటికొచ్చి మిరపకాయ బజ్జీ తింటాం. దీనమ్మకి ఆ అలవాటేది? ఆవిడ పుట్టి బుద్ధెరిగి సినిమా తెర మీద చూసిన మొదటి మనుషులు వాళ్ళు. వాన, బురద, జలగలు, చీకట్లో ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో తెలీని కాల్పులు. ఒక పల్లెటూరు. పూరిళ్ళకి నిప్పు పెడుతున్నారు. ఒక ముసలమ్మ చేతులు జోడిస్తోంది. కుర్ర సోల్జరొకడు తుపాకీ ఎత్తాడు.

"ఆ కెమెరా పట్టుకున్నవాడు ఆపొచ్చు కదా వాణ్ణి!" అంది దీనమ్మ, శాంతి చెయ్యి పట్టుకుని.

"హుష్, యాక్టింగ్ అది."

"యాక్టింగేలే. కానీ జరిగిందే కదా తీశారు?"

శాంతి మళ్ళీ తెర కేసి తిరిగింది. తర్వాత దీనమ్మకి తెర మీద ఒక్క మొహమూ కనబళ్ళేదు. హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడూ రత్నరాజే. ముసలమ్మ మీదికి తుపాకీ ఎత్తిందీ రత్నరాజే.

ఆ రోజు నుంచి ఆవిడకి ముద్ద దిగితే ఒట్టు. పదహారేళ్ళు పక్కన పడుకున్న మనిషి చేతులకేసి దొంగచూపులు చూడ్డం మొదలెట్టింది. నవోమి జడలో రిబ్బను సరిచేసే చేతులు. ఆదివారం ప్రార్థనలో ముడుచుకునే చేతులు. ఇవేం చేసొచ్చాయో! ఆయన పోనీ కోపిష్ఠి అయినా బావుండేది, ఒక దారి దొరికేది. చీమకి కూడా దారిచ్చే మనిషి. ఆ నెమ్మదితనమే ఇప్పుడు భయం పుట్టించింది. ఏదో పెద్దదాన్ని కప్పిపెట్టడానికే ఇంత నెమ్మదిగా ఉన్నాడేమో! అడుగుదామంటే నోరు రాదు. అవునంటే ఏం చెయ్యాలి? పిల్లనేసుకుని ఎక్కడికి పోవాలి?

ఇంతలో ప్రభువు బల్ల ఆదివారం రానే వచ్చింది.

వాళ్ళ సంఘానికో పద్ధతుంది. మనసులో ఎవరి మీదైనా కంటు ఉన్నవాళ్ళు ఆ రొట్టె తీసుకోరు. పళ్ళెం పక్కవాళ్ళకి జరిపేస్తారు. జరిపినవాళ్ళ ముక్క సంఘపెద్ద విడిగా దాచి, ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళి, తగువు తీర్చి, తన చేత్తో ఇచ్చి వస్తాడు. సంఘపెద్ద దైవాశీర్వాదం గారు తెల్లపంచె మనిషి, గట్టి గొంతు. ఆయన ఎవరింటికి వెళ్ళినా మర్నాటికి ఆ కబురు న్యూజెర్సీ తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయేది.

పళ్ళెం వరస వెంట వచ్చింది. రత్నరాజు తీసుకుని, పక్కనున్న పెళ్ళానికి అందించాడు. దీనమ్మ రొట్టె కేసి చూసింది, పట్టుకున్న చేతి కేసి చూసింది. చెయ్యి లేవలేదు. పళ్ళేన్ని అవతలికి జరిపేసింది. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. రత్నరాజు మొహం పాలిపోయింది.

నవోమి పాటల ప్రాక్టీస్‌కి ఉండిపోయింది. ఇంటికెళ్ళే దారిలో ఓక్‌ట్రీ రోడ్డు మీద ఇండియా సరుకుల కొట్లో కందిపప్పు కొనాలని రత్నరాజు కారు ఆపాడు. ఆపాడే గానీ దిగలేదు.

"నా మీదేనా?" అన్నాడు.

దీనమ్మ తల ఊపింది.

"ఏం చేశాను దీనా? చెప్పు, నీకు పుణ్యముంటుంది."

"మీరు... అక్కడ... పిల్లల్నీ ముసలాళ్ళనీ చంపారా?" అనేసి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

రత్నరాజు పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. "ఎవరు చెప్పారు?"

"సినిమాలో చూశాను."

"నువ్వా? సినిమాకా?" అరిచినంత పని చేశాడు. "మీ నాన్నకి తెలిస్తే!"

"మాట మార్చకండి!"

"మార్చడం లేదే తల్లీ." స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. "తుపాకీ కాల్చడం ట్రైనింగ్‌లో నేర్పారు, గోడకి ఆనించిన బొమ్మల మీద. అక్కడికెళ్ళాక ఒక్క గుండు పేల్చలేదు. నేను బేకరీలో ఉన్నాను. సైగాన్‌కి దగ్గర్లో పెద్ద క్యాంపు. పొద్దస్తమానం రొట్టెలు కాల్చడమే నా పని."

"రొట్టెలా?"

"రొట్టెలే. అడవిలో ఒకడు పోట్లాడాలంటే వెనక వండేవాళ్ళు, ఉతికేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు బోలెడుమంది ఉండాలి. నేను వండేవాణ్ణి. నువ్వు చూసిన సినిమాలో బేకరీ ఉందా?"

దీనమ్మ గుర్తుచేసుకుంది. "లేదు. డబ్బాల్లో ఏదో తిన్నారు."

"ఎందుకు చూపిస్తారు? పిండి పిసికేవాణ్ణి చూడ్డానికి ఎవడు టికెట్ కొంటాడు?"

దీనమ్మకి ప్రాణం లేచొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది. ముక్కు తుడుచుకుని, అంతలోనే కోపమొచ్చి భుజం మీద ఒక్కటిచ్చింది. "ఇన్నేళ్ళూ ఈ ముక్క చెప్పడానికేమయింది మీకు? నేను చచ్చి బతికాను!"

"మా నాన్న ఊరంతా చెప్పాడే, మావాడు అమెరికా సైన్యంలో ఇంజనీరాఫీసరని. పరువు కోసం నేనూ ఉత్తరాల్లో అలాగే రాశాను. అది వినే కదా మీ నాన్న సంబంధానికి ఒప్పుకున్నాడు. వంటవాడికి పిల్లనిస్తాడా?"

"ఛస్తే ఇవ్వడు."

"నువ్వు చేసుకునేదానివా?"

దీనమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. "అప్పుడైతే లేదు. ఇప్పుడైతే చేసుకుంటా."

రత్నరాజు నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"సినిమాలో నువ్వు చూసింది అబద్ధమని అనడం లేదు. ఆ వాన నిజం, ఆ బురద నిజం. ఆ ఘోరాలు నేను కళ్ళతో చూడలేదు గానీ, జరగలేదని చెప్పడానికి నేనెవణ్ణి? ఆ కుర్రాళ్ళు వారానికోసారి క్యాంపుకొచ్చేవాళ్ళు. వేడి రొట్టె చేతిలో పెడితే పసిపిల్లల్లా వాసన చూసేవాళ్ళు. అడవిలో ఉన్నవాళ్ళకి హెలికాప్టర్లో పంపేవాళ్ళం. ఓ రోజు పంపిన రొట్టెలు పంపినట్టే వెనక్కొచ్చాయి. గోతాలు కట్టు కూడా విప్పలేదు. తినేవాళ్ళు లేరని చెప్పారు." అద్దంలోంచి రోడ్డు కేసి చూశాడు. "సార్జెంట్ పారెయ్యమన్నాడు. నా వల్ల కాలేదు. వాటి పక్కన కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచీ నేను కాల్చిన రొట్టె ఎవరైనా వద్దంటే తట్టుకోలేను. ఇవాళ నువ్వు పళ్ళెం జరిపేసరికి..."

దీనమ్మ ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పప్పు కొనడం ఇద్దరూ మర్చిపోయారు.

సాయంత్రం పద్ధతి ప్రకారం దైవాశీర్వాదం గారు దిగారు, చేతిలో తెల్లగుడ్డ కప్పిన చిన్న పళ్ళెంతో. సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా దీనమ్మా, ఎవరితో తగువు?"

రత్నరాజు గబుక్కున అందుకున్నాడు. "ఏం లేదండీ, ఒంట్లో బాగోక..."

"మీరుండండి," అంది దీనమ్మ. "బాబాయిగారూ, నేను సినిమాకెళ్ళాను."

దైవాశీర్వాదం గారి కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి.

"యుద్ధం సినిమా. అది చూసి మా ఆయన్ని హంతకుడనుకున్నాను. తప్పు నాది. ఈయన అక్కడ ఒక్కణ్ణి కూడా చంపలేదు. ఆకలితో వచ్చినవాళ్ళకి రొట్టె కాల్చి పెట్టాడు. అప్పట్లో ఆఫీసరూ కాదు, ఇంజనీరూ కాదు, బేకరీలో వంటవాడు. ఈ మాట మీరు అందరికీ చెప్పినా నాకేం బాధలేదు. చెప్పండి కూడా."

రత్నరాజు తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళు దాచిన మాట తన ఇంటి సోఫాల మధ్య ఇంత గట్టిగా, ఇంత గర్వంగా వినబడేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. కొండంత బరువు దిగినట్టయింది.

పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. సినిమా సంగతి ఎత్తితే ఏం చెప్పాలా అని దీనమ్మ చూస్తోంది. ఆయన ఎత్తలేదు. "యుద్ధంలో రొట్టెలు కాల్చావా నాయనా," అని మాత్రం అన్నారు. గుడ్డ తీసి, చిన్న ప్రార్థన చేసి, దాచిన రొట్టెలోంచి కాస్త తుంచి ఆమె ముందుకు చాపారు.

దీనమ్మ తీసుకుంది. నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. రత్నరాజు గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ గొంతుకేసే చూస్తున్నాడు. రొట్టె కిందికి దిగేదాకా రెప్ప వెయ్యలేదు. దిగిందని తెలిశాక గోడకి చేరగిలబడ్డాడు.

దీనమ్మ అది గమనించింది. మళ్ళీ చెయ్యి చాపింది.

"ఇంకో ముక్క ఇవ్వండి బాబాయిగారూ."

"అలా రెండోసారి ఇవ్వకూడదమ్మా."

"ఇవాళ ఇవ్వండి," అంది.

దైవాశీర్వాదం గారు ఆమె కేసి చూశారు. గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న మనిషి కేసి చూశారు. ఇచ్చారు.