రెండో విస్తరి

నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి స్వాధీనం తప్పాక, ప్రతి శనివారం ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళి ఆయన్ను చూసుకునేదాన్ని. ఒక శనివారం కాఫీ తాగుతూ, "రేపు నన్నోసారి కలిదిండి తీసుకెళ్ళమ్మా. అక్కడ చెప్పాల్సిన మాటొకటి ఉండిపోయింది," అన్నారు.

కలిదిండి అవతల ఒక పల్లెలో నాన్న స్నేహితుడి చెల్లెలు ఉంది. నాన్నా, ఆ స్నేహితుడూ ఒకేసారి సైన్యంలో చేరారు. పడమటి సరిహద్దు యుద్ధంలో స్నేహితుడు చనిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. దహనం అక్కడే జరిగింది. ఇంటికి వచ్చింది ఒక ట్రంకుపెట్టె, దాన్ని మోసుకొచ్చిన నాన్న. తూటా తగలగానే ప్రాణం పోయిందని, బాధపడలేదని ఆ తల్లిదండ్రులకు చెప్పారు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిందీ అదే.

మేం వెళ్ళింది ఆ స్నేహితుడు పోయిన తిథి రోజున. ఆకివీడు దాటాక చెరువుగట్ల మీద కారు మెల్లగా పోయింది. వెళ్ళేసరికి ఆ చెల్లెలి ఇంట్లో అన్న ఫోటో ముందు విస్తరి వేసి ఉంది. అన్నకు ఇష్టమని ఆమె ఏటా కొర్రమీను పులుసు పెడుతుంది.

"చెల్లెమ్మా, మీ అన్న వెంటనే పోలేదమ్మా," అన్నారు నాన్న, కూర్చోకుండానే. "తొడకి దెబ్బ తగిలింది. మేం వెనక్కి రావాల్సొచ్చింది, తీసుకురాలేకపోయాం. తెల్లారి మళ్ళీ వెళ్ళేసరికి గోతిలో ఇద్దరున్నారు. మీ అన్న పోయాడు. పక్కన అవతలివాళ్ళ కుర్రాడు, పొట్టలో తూటాతో. తన కట్టుగుడ్డ మీ అన్న కాలికి కట్టాడు. తన నీళ్ళసీసా మీ అన్న చేతిలో పెట్టాడు. 'కట్టాను, రక్తం ఆగలేదు' అన్నాడు నాతో హిందీలో. కాసేపటికి వాడూ పోయాడు."

ఆమె ఫోటో వైపే చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"మీ నాన్నగారు బతికున్నన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకునే బతికారమ్మా. ఆయనకి ఇంకేం మిగిలిందని? తరవాతేమో నాకు ధైర్యం చాల్లేదు."

గుమ్మంలో ఉన్న ఆమె కొడుకు ముందుకొచ్చాడు. "అసలు మావయ్యని కాల్చింది వాడేనేమోనండీ!"

"అయ్యుండొచ్చు బాబూ. నాకు తెలీదు," అన్నారు నాన్న.

నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేనూ ఆ కొడుకు పక్షమే. పండగలాంటి రోజు కాకపోయినా పవిత్రమైన రోజే కదా, ఈ మాట ఇవాళే చెప్పాలా అని నాన్న మీద కోపం వచ్చింది. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఏడుస్తోందనుకున్నాను. చివరికి చేతిలో ఇంకో విస్తరితో వచ్చింది.

"వాళ్ళు చేపలు తింటారాండీ?" అని నాన్నను అడిగింది.

"ఏమోనమ్మా."

"అమ్మా, నలుగురూ వింటే ఏమంటారు?" అన్నాడు కొడుకు.

"విననీరా. ఆఖరున నోట్లో నీళ్ళు పొయ్యాల్సింది మేం. ఆడు పోశాడు."

అన్న విస్తరి పక్కనే రెండోది వేసింది. ఫోటో లేదు, పిలవడానికి పేరూ లేదు. అన్నం, పప్పు, పులుసు వడ్డించి, రెండు విస్తళ్ళకూ కలిపి దణ్ణం పెట్టింది. నాన్న అప్పుడు కుర్చీలో కూలబడి, బాగున్న చేత్తో మొహం కప్పుకున్నారు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ తిథికి ఇప్పుడు నేనొక్కదాన్నే వెళుతున్నాను. రెండు విస్తళ్ళూ ఉంటున్నాయి. వడ్డించే వేళకు ఆమె కొడుకు చెరువు దగ్గర పనుందని వెళ్ళిపోతాడు. ఆమె ఏమీ అనదు. మొన్న వెళ్ళినప్పుడు నాకు అన్నం పెడుతూ, "వాళ్ళమ్మకి ఎవరైనా చెప్పుంటారంటావా అమ్మాయ్, వాడు మావాడికి కట్టు కట్టాడని?" అంది.

చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు కదండీ అన్నాను.

"పాపం," అంది.